ఉప్పు మూటల మీద కూర్చున్న మా నత్తల సారు

మా సారు పోయారన్న కబురు నాకు మా మామ చెప్పాడు. వాళ్ళిద్దరి సంగతి ఎరిగినవాళ్ళు ఇది నమ్మరు. ఒకప్పుడు మా ఇంట్లో పెళ్ళికి సారు వచ్చారని తెలిసి, విస్తరి ముందు నుంచి లేచి వెళ్ళిపోయిన మనిషి మా మామ.

మృగశిర కార్తె తొలివాన పడిన మరునాడు పొద్దున్నే, ముద్దనూరులో నేను బడికి బయల్దేరుతుంటే ఫోన్ మోగింది. మామ మా అమ్మకు తమ్ముడు. పులివెందుల దగ్గర అరటి, చీనీ తోటలు చేస్తాడు. పక్క ఊళ్ళో ఉన్నవాళ్ళకు కూడా వినబడేట్టు ఫోన్లో అరవడం ఆయన అలవాటు. ఆవేళ గొంతు లేవలేదు.

"పాపా, నీ నత్తల సారు పోయినాడు."

"ఎవరు చెప్పినారు మామా?"

"ఎవరో చెప్పేదేంది, నేనే ఫోన్ జేసినా. వాన పడిండాది, నత్తలు లేసినాయి సారూ అని చెబుదామని. ఆయమ్మ ఎత్తింది. నిద్రలోనే పోయినాడంట. నాకేం మాట్లాడల్లో తెలీలేదు పాపా. నత్తలు లేసినాయమ్మా అని ఆ మాటే చెప్పి పెట్టేసినా."

తాను చేసింది తప్పో ఒప్పో తెలియక చిన్నపిల్లాడిలా అడుగుతున్నట్టుంది ఆ గొంతు. నేను బడికి సెలవు పెట్టి ప్రొద్దుటూరు బస్సెక్కాను. దారి పొడుగునా నాకు సారు ఒకే తీరుగా కనబడ్డారు. ట్రాక్టరు ట్రాలీలో, ఉప్పు మూటల మీద, బాసింపట్టు వేసుకుని. ఆ సంగతి మీకు చెప్పాలి. దానికంటే ముందు ఆయన ఎవరో చెప్పాలి.

సారు ప్రొద్దుటూరులో డిగ్రీ పిల్లలకు జంతుశాస్త్రం చెప్పేవారు. పౌరోహిత్యం చేసే ఇంట పుట్టి నత్తల వెంట పడ్డాడని బంధువులు చెవులు కొరుక్కునేవారు. సారు భార్య, మా మేడమ్, చెవులు కొరుక్కునే రకం కాదు, ముఖం మీదే చెప్పేది. నత్తను ముట్టుకున్న రోజు తలమీద నీళ్ళు పోసుకోనిదే వంటింటి గడప తొక్కడానికి లేదు. సారు కిమ్మనకుండా పెరట్లో కొళాయి కింద కూర్చునేవారు, చలికాలంలో కూడా. "నత్తకూ తడి కావల్ల, మీ మేడమ్‌కూ తడి కావల్ల. మధ్యలో జలుబు మాత్రం నాది" అనేవారు తల తుడుచుకుంటూ.

ప్రొద్దుటూరులో బంగారు అంగళ్ళకు కొదవలేదు కదా. కమ్మలు, ముక్కుపుడకలు పెట్టి ఇచ్చే చిన్న డబ్బాలను సారు అడిగి తెచ్చుకునేవారు. గులాబీరంగు కాగితం మీద ఒక్కో నత్తగుల్ల. ఇంటికొచ్చిన ఆడవాళ్ళు ఆశగా మూత తీసి, "ఓయమ్మా!" అని డబ్బా వదిలేయడం నేను చాలాసార్లు చూశాను. కంసాలి నగల పని చూసుకునే కంటి అద్దమే ఆయన పనిముట్టు. అది ఎప్పుడూ చొక్కా జేబులో ఉండేది.

ఆయన జీవితమంతా ఒకే నత్తల కుటుంబం చుట్టూ తిరిగింది. ఆ కుటుంబంలో పెద్దది పిడికిలంత ఉంటుంది. ఆఫ్రికాలో పుట్టి, ఓడలెక్కి, మన దేశంలో దిగి, మొక్కల వెంట ఊరూరా తిరుగుతోంది. అరటి, బొప్పాయి, బెండ అని చూడదు. ఏమీ దొరక్కపోతే గోడ సున్నం గీకి తింటుంది. దాని చుట్టాల్లో కొన్ని మన నేలవే. వేలిగోరంతవి, బియ్యపు గింజంతవి. రాలిన ఆకు తిని, రాళ్ళ కింద తల దాచుకుని, ఎవరి జోలికీ పోని జీవాలు. చిక్కేమిటంటే ఆ పెద్దదాని పిల్లలూ, మన చిన్నజాతుల్లో పూర్తిగా ఎదిగినవీ చూడటానికి ఇంచుమించు ఒకటే. గుల్ల లోపల, కొట్టానికి నిట్రాడు ఉన్నట్టు, మధ్యలో ఒక స్తంభం ఉంటుంది. వీటిలో అది కిందికొచ్చేసరికి కత్తితో తెగ్గోసినట్టు ఆగిపోతుంది. ఆ గుర్తు చూసి కుటుంబం చెప్పొచ్చు. వలస వచ్చిందో, ఇక్కడిదో మాత్రం చెప్పలేం. ఈ ముక్క గుర్తుపెట్టుకోండి, మా మామ తోట దక్కడమూ పోవడమూ దీని మీదే ఆధారపడింది.

సారు గదిలో గోడకు కడప జిల్లా పటం ఉండేది. నత్త దొరికిన ప్రతిచోటా ఒక చుక్క. గుల్ల మాత్రమే దొరికితే పెన్సిల్ చుక్క, ప్రాణంతో దొరికితే సిరా చుక్క. "ఖాళీ గుల్ల సాక్ష్యం చెప్పదప్పా. వాగులో కొట్టుకొచ్చిందో, కాకి తెచ్చి పారేసిందో మనకేం తెలుసు?" అనేవారు.

ఆ పటంలో చక్రాయపేట దగ్గర ఒక చిల్లి ఉంది. కొత్తగా వచ్చిన విద్యార్థులకు సారు అన్నిటికంటే ముందు చూపించేది దాన్నే. అక్కడొక తోట కంచెకు పాతిన నాపబండ మీద ప్రాణమున్న నత్త కనబడింది. సారు సంబరంగా సిరా చుక్క పెట్టేశారు, కనబడినవాళ్ళందరికీ చెప్పుకున్నారు. తర్వాత తెలిసింది, ఆ బండలు జమ్మలమడుగు వైపు నుంచి లారీలో వచ్చాయని. ఈ నత్తలు ఎండాకాలంలో మూతికి కాగితంలాంటి పొర కట్టుకుని, బండకు కరుచుకుని, వాన పడేదాకా నిద్రపోతాయి. నిద్రలోనే లారీ ఎక్కాయి, నిద్రలోనే దిగాయి. సారు తన చుక్కను బ్లేడుతో గీకితే పటానికి చిల్లి పడింది. "ప్రాణం ఉంటే చాలదు. ఆడనే బిడ్డల్ని కంటేనే అది దాని ఊరు" అన్న రెండో నియమం ఆయనకు ఆ చిల్లి నేర్పింది.

నేను మొదటిసారి ఆయన వెంట వెళ్ళింది కూడా జమ్మలమడుగు దగ్గరి సున్నపురాతి గుట్టకే. మాలో ఒకడు బండ తిరగేసి, కింద ఏమీ లేదని దాన్ని అలాగే వదిలేసి వచ్చాడు. మేమందరం కిందికి దిగాక సారుకు తెలిసింది. మళ్ళీ గుట్టెక్కారు. ఎండ నిప్పులు చెరుగుతోంది. బండను తడివైపు కిందికి వచ్చేట్టు తిప్పి, నేలలో దాని పాత అచ్చులోనే కూర్చోబెట్టి దిగివచ్చారు. "ఒకరి ఇంటి కప్పు ఎత్తి చూసినాక మళ్ళా కప్పి రావల్లనా, లేదా?" అన్నారు. ఊళ్ళోకి వచ్చాక మాకందరికీ చెరకురసం ఇప్పించారు.

ఇక ఉప్పు సంగతి.

మామ ఒక ఏడు తోట చివర మూలన కొత్త అరటి పిలకలు వేశాడు. వేరే జిల్లా నుంచి లారీలో తెప్పించినవి. వానలు మొదలయ్యాక ఆకులకు చిల్లులు పడ్డాయి, తోటంతా నేలమీద గోధుమరంగు చిన్న నత్తలు కనబడ్డాయి. అదే రోజుల్లో పక్కతోట పెద్దాయనకు తన కంచె దగ్గర పిడికిలంత ఖాళీ గుల్ల ఒకటి దొరికింది. నత్తలు తినేసిన తోటల వీడియోలు అప్పటికే అందరి ఫోన్లలో తిరుగుతున్నాయి. ఇంకేముంది, ఊరంతా భగ్గుమంది. మామ తెచ్చిన పిలకల్లో ఆ దరిద్రం వచ్చిందన్నారు. ఇప్పుడు నేలమీద పాకేవన్నీ దాని పిల్లలేనన్నారు. అరటి మొత్తం నరికి, తోటంతా ఉప్పు చల్లితే తప్ప తమ తోటలు మిగలవని తేల్చేశారు.

నత్తకు ఉప్పు తగిలితే కరిగిపోతుందని అందరికీ తెలుసు. నేలకు ఉప్పు తగిలితే ఏమవుతుందో కూడా అందరికీ తెలుసు. కాకపోతే నేల మామది.

నేను ఆవేళ అక్కడే ఉన్నాను. సారుకు ఫోన్ చేస్తే ఆయన మొదటి ప్రశ్న, "బతికుండేవి ఉన్నాయా?" ఉన్నాయన్నాను. "నేనొచ్చేదాకా ఏమీ చల్లనీయొద్దు" అన్నారు. చెప్పడం తేలికే. ఆయన బస్సు దిగి, ఆటో పట్టుకుని వచ్చేసరికి గట్టు మీద జనం నిండిపోయారు. ఉప్పు మూటలు నింపుకున్న ట్రాలీ వెనక తలుపు తెరిచి ఉంది. మామ దానికి అడ్డంగా నిలబడ్డాడు. చేతిలో కొడవలి ఉంది. మా వైపు కొడవలి చేతికొచ్చిందంటే మాటలు అయిపోయినట్టే.

సారు చెప్పులు గట్టు మీద విడిచి నేరుగా పక్కతోట పెద్దాయన దగ్గరికి వెళ్ళి చేయి చాపారు. ఆయన ఆ పెద్ద గుల్లను చేతిలో పెట్టాడు.

"ఇది చాలదా సారూ?"

"చాలదప్పా. ఖాళీ గుల్ల సాక్ష్యం చెప్పదు."

మామ ముఖం వెలిగిపోయింది. "ఇన్నారా? సదువుకున్నాయన ఏం చెప్తాండాడో ఇన్నారా?" అని గట్టంతా దద్దరిల్లేట్టు అరిచి కొడవలి కింద పారేశాడు. నాకూ అప్పుడే ఊపిరాడింది. సారు ఆ అరుపు పట్టించుకోలేదు. అప్పటికే తోటలోకి దిగి, నడుం వంచి, అరటి మొదళ్ళ దగ్గర వెతుక్కుంటూ పోతున్నారు. వెనక నేనూ మామా వెళ్ళాం.

కొత్త పిలకల మూలకు వెళ్ళాక, సారు ఎండిన అరటాకుల కుప్ప ఒకటి ఎత్తి అలాగే గొంతుక్కూర్చుండిపోయారు. కింద పిడికిలంత నత్త ఉంది. కొమ్ములు చాపి మెల్లగా కదులుతోంది.

మామ దాన్ని చూశాడు. తిరిగి గట్టు వైపు చూశాడు. అరటి చెట్లు అడ్డం, అక్కడివాళ్ళకు మేం కనబడం. మామ సారు పక్కనే కూలబడి, నేను ఎన్నడూ వినని మెత్తని గొంతుతో అన్నాడు.

"సారూ, జోబీలో ఏసుకోండి. మీకు దండం పెడతా. ఈ మూలంతా రేపు నేనే తగలబెడతా. ఎవురికీ తెలీనక్కర్లే."

సారు అలా చేస్తే బాగుండునని నేను దేవుడికి మొక్కుకున్నాను. గట్టు మీద ఎవరో ట్రాక్టరు స్టార్టు చేశారు. 

"ఇది ఒక్కటే ఉండదప్పా. గుడ్లు పెట్టేసే ఉంటాది" అన్నారు సారు. "రేపు పక్కతోటలో తేలితే, తెలిసే దాచినాడంటారు. ఆ పొద్దు నీ మాట ఎవరూ ఇనరు, నా మాటా ఇనరు."

నత్తను అరచేతిలో పెట్టుకుని లేచి గట్టు వైపు నడిచారు. "నా మేనగోడలికి సదువు చెప్పిన మనిషివి గదా నువ్వు! నా కొంప ముంచడానికి బస్సెక్కొచ్చినావా?" అని మామ వెనక నుంచి అరిచాడు. 'మీరు' అనడం పోయి అప్పుడే 'నువ్వు'లోకి దిగాడు. సారు వెనక్కి చూడలేదు. నాకు ఆ నిమిషంలో ఆయన మీద వచ్చినంత కోపం ఎవరి మీదా రాలేదు.

నత్తను చూడగానే గట్టు మీద గోల లేచింది. మూటలు దించడానికి ఇద్దరు ట్రాలీ వైపు ఉరికారు. సారు నత్తను పెద్దాయన చేతిలో పెట్టి, వాళ్ళకంటే ముందు ట్రాలీ ఎక్కి, మూటల మీద బాసింపట్టు వేసుకుని కూర్చున్నారు. బక్కపలచని మనిషి, పిల్లాడు తోసినా పడిపోతారు. కానీ పంచాంగం చెప్పే ఇంటాయన్ని, అందులోనూ అయ్యవారిని రెక్క పట్టి లాగడానికి ఎవరికీ చేయి రాలేదు.

"దిగండి సామీ. ఉండాదని మీరే చూపిస్తిరి గదా!" అన్నాడు పెద్దాయన.

"ఉండాదని చెప్పినా. యాడిదాకా ఉండాదో ఇంకా చెప్పలేదు. గోనెపట్టలు తడిపి తోటంతా సాళ్ళ మధ్య పరచండి. కింద బొప్పాయాకు ఏయండి. తెల్లారి మీరే ఎత్తి చూడండి, నేను ముట్టుకోను. అన్ని పట్టల కిందా ఈ పెద్దదాని సంతానమే ఉంటే, మొదటి మూట నేనే విప్పుతా."

"ఆ సిన్నవన్నీ దీని పిల్లలు గాక ఇంకేంది?"

"ఆ మాట కూడా తెల్లారి మీరే చెబుదురు."

గోనెపట్టలు పరిచారు. ఎవరూ ఇళ్ళకు పోలేదు. మామ తన కొడవలి తాను వెతుక్కుని, దూరంగా బోరు దగ్గర కూర్చున్నాడు. నేను సారుకు అన్నం తీసుకెళ్తే వద్దన్నారు. ఎవరి వైపు అన్నం తిన్నా రెండోవాళ్ళు అనుమానిస్తారని ఆయన భయం. మంచినీళ్ళు మాత్రం తాగారు.

తెల్లవారింది. పెద్దాయన మొదటి గోనెపట్ట ఎత్తాడు. కింద ఆకు మీద గోధుమరంగు చిన్న నత్తలు కుప్పగా ఉన్నాయి. "ఇంగేముంది, పిల్లలే!" అని ఎవరో అన్నారు. ట్రాలీ దగ్గర కూర్చున్నవాళ్ళు లేచి నిలబడ్డారు. బోరు దగ్గర మామ కూడా లేచాడు.

"పెద్దాయనా, దాంట్లో ఒకదాన్ని ఎండకు ఎత్తి చూడు" అన్నారు సారు ట్రాలీలోంచే.

పెద్దాయన ఒకదాన్ని రెండు వేళ్ళతో పట్టుకుని, అప్పుడే పైకొస్తున్న సూర్యుడికి ఎదురుగా ఎత్తి, ఒక కన్ను మూశాడు. పలచని గుల్లలోంచి వెలుగు వచ్చింది. చాలాసేపు చూశాడు. 

"లోపల తెల్లంగా ఏందో ఉండాయి సామీ. సగ్గుబియ్యం మాదిరి, వరసగా."

"గుడ్లు. కడుపుతో ఉండాది."

పెద్దాయన నత్తను దించి అరచేతిలో పెట్టుకుని చూశాడు. మళ్ళీ ఎత్తి చూశాడు. "పసిబిడ్డకు కడుపెట్లొస్తాది?" అన్నాడు, తనలో తాను అనుకున్నట్టు.

"రాదు. అది పసిబిడ్డ గాదు. అంతకంటే పెరగదు. ఈడనే పుట్టి, ఈడనే కనేది. నీకూ నాకూ ముందునుంచీ ఈ బండల కింద ఉండాది. పచ్చాకు జోలికి రాదు, ఎండాకే దాని తిండి."

రెండో పట్ట ఎత్తారు, మూడోది ఎత్తారు. ఎత్తిన ప్రతిదాని దగ్గరా పెద్దాయన ఎండకు పెట్టి చూడటం, మామ కళ్ళు మూసుకోవడం. తోట నడిమికొచ్చేసరికి చూసేవాళ్ళు ఎక్కువై, ఎవరికి వారే ఒక కన్ను మూసి నత్తల్ని పైకెత్తుతున్నారు. పెద్దనత్తా, దాని సిసలైన పిల్లలూ కొత్త పిలకల మూలలోనే దొరికాయి. అక్కడి పిల్లల్ని ఎంత వెలుగుకు పెట్టినా లోపల గుడ్లు లేవు. పెద్దాయన ఆ మూల చుట్టూ తన చేతికర్రతో గీత గీసి, "ఈడిదాకా" అన్నాడు. అప్పుడు సారు ట్రాలీ దిగారు. కాళ్ళు తిమ్మిరెక్కి నిలబడలేక నా భుజం పట్టుకున్నారు.

గీత లోపలి అరటిని తవ్వి తగలబెట్టారు. ఒక మూట ఉప్పును డ్రమ్ములో నీళ్ళలో కలిపి, ఏరిన పెద్దజాతి నత్తలన్నిటినీ అందులో వేశారు. మిగతా మూటలు వచ్చిన దారినే వెళ్ళిపోయాయి.

తోట దక్కింది. మామ కోపం మాత్రం తగ్గలేదు. "దొంగను పట్టిచ్చినట్టు పట్టిచ్చినాడు, ఊరందరి ముందర" అనేవాడు. సారుకు అదేమీ పట్టలేదు. ఏటా తొలివాన పడగానే నాకు ఫోన్ చేసి, "మీ మామ గోనెపట్టలు పరిచినాడా?" అని అడిగేవారు. నేను మామను అడిగితే, "పరిచినా అని చెప్పు ఆయనకు" అని విసుక్కునేవాడు. వాళ్ళిద్దరి మధ్యా నేను తపాలా బంట్రోతునయ్యాను. ఒక ఏడు నేను జ్వరంతో పడుకుని ఫోన్ ఎత్తలేదు. విధిలేక మామే సారుకు చేశాడట. ఏం మాట్లాడుకున్నారో మామే చెప్పాడు.

"పట్టలు పరిచినా సారూ. పెద్దది ఒగటీ లేదు."

"చిన్నవి?"

"శానా ఉండాయి."

"ఎండకు పెట్టి చూసినావా?"

"చూసినా."

"అయితే సరేప్పా."

ఆ తర్వాత నా అవసరం లేకపోయింది. తొలివాన పడితే మామ ప్రొద్దుటూరుకు ఫోన్ చేస్తాడు. ఈ ఏడు కూడా చేశాడు.

నేను వెళ్ళేసరికి సారును హాల్లో పడుకోబెట్టి ఉన్నారు. గదిలో పటం అలాగే ఉంది. చిల్లిలోంచి గోడ సున్నం తెల్లగా కనబడుతోంది. మేడమ్ నన్ను పక్కన కూర్చోబెట్టుకుని, నా చేయి పట్టుకుంది.

"మీ మామ ఫోన్ చేసినాడమ్మా. నత్తలు లేసినాయన్నాడు. ఆయప్ప ఏటా చెప్తాడు గదా, ఈయన కోసం చెప్పిన మాట గదా అని, పోయి ఈయన చెవిలో చెప్పినా."

నేను అప్పటిదాకా ఏడవలేదు.

కర్మలన్నీ అయ్యాక ఒక ఉదయం మామ తోటకు వెళ్ళాను. అంతకుముందే వాన కురిసి వెలిసింది. తగలబెట్టిన మూలలో ఇప్పుడు మళ్ళీ అరటి ఉంది, గెలలు బరువుకు వంగి ఉన్నాయి. మామ కంచె దగ్గర నేలమీదున్న నాపబండ ఒకటి ఎత్తి, అంచును మోకాలికి ఆనించుకుని, కింద నుంచి ఒక నత్తను తీశాడు. తెల్లచొక్కాకు మట్టి అంటినా చూసుకోలేదు. దాన్ని ఎండకు ఎత్తి ఒక కన్ను మూశాడు.

"ఉండాయి" అన్నాడు. నాతో కాదు.

నత్తను దాని చోట పెట్టాడు. ఖాళీ అయిన చేయి అలవాటుగా జేబులోకి వెళ్ళి ఫోన్ తీసింది. కాసేపు దానివైపు చూసి, మళ్ళీ జేబులో వేసుకున్నాడు. ఆ తర్వాత రెండు చేతులతో బండను, తడివైపు కిందికే ఉండేట్టు, నేలలో దాని పాత అచ్చులోనే, మెల్లగా దించాడు.